జనవాడకు పోయిన కార్డు

మా లైబ్రరీ సారు పోయిన పదమూడో రోజు బీదర్‌లో సంతాప సభ పెట్టారు. ఆయన ఒకప్పుడు నడిపిన హాల్లోనే పెట్టారు. ఇప్పుడా హాల్లో పుస్తకాలు లేవు. కొన్నేళ్ళు కంప్యూటర్ కోర్సు నడిచింది. అది మూతబడ్డాక చిన్న చిన్న ఫంక్షన్లకు కిరాయికి ఇస్తున్నారు. నేను రెండో వరసలో కూర్చున్నాను. మాట్లాడినవాళ్ళంతా ఆయన మంచితనమే చెప్పారు. చివరికి మా గల్లీ పెద్దమనిషి ఒకాయన మైకు తీసుకున్నాడు.

"మనిషి బంగారం. అండ్ల అనుమానం లేదు. కాని సదివెటోళ్ళ లెక్కల జర తప్పిండు పాపం. ఊర్ల లేనోళ్ళ పేర్ల మీద పుస్తకాలు ఇచ్చినట్టు రాసిండు. అందుకే గద బదిలీ జేసి ఔరాద్‌కు తోలిన్రు."

తలలు ఊగాయి. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. లేచి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. చాయ్ తాగి, ఫోటోకు దండం పెట్టి బయటికి వచ్చాను.

ఊళ్ళో లేనివాళ్ళ పేర్ల మీద పుస్తకాలు రాసింది సారు కాదు, నేను. ఆ పని జరుగుతున్నప్పుడు ఆయనకు తెలియనే తెలియదు. తెలిశాక తన మీద వేసుకున్నారు. ఇంతవరకే అయితే ఆ రోజు మైకు అడిగి చెప్పి ఉండేవాణ్ణేమో. కాని దాని వెనక ఇంకొకటి ఉంది. అది బీదర్ పక్కనున్న జనవాడ అనే ఊళ్ళో ఒక తల్లికి సంబంధించింది. అది చెప్పకుండా ఇది చెప్పలేను.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఇంట్లో తెలుగు, కాలేజీలో కన్నడ, గల్లీలో ఉర్దూ. మూడూ కలిసి మాట్లాడేవాళ్ళం, ఏది ఏదో ఆలోచించకుండా. లైబ్రరీ కూడా అట్లాగే ఉండేది. తలుపు తియ్యగానే కన్నడ అల్మారాలు, ఎడమ పక్క ఉర్దూ, కిటికీ దగ్గర మరాఠీ, చివర్న మూడు తెలుగు అల్మారాలు. లోపలికి అడుగు పెడితే పాత కాగితాల వాసన, ఫినాయిలు వాసన, వాటి మీద సోమవారాలు సారు స్టవ్ మీద ఉడికించే మైదా లై వాసన. చిరిగిన పుస్తకాలకు అట్టలు వెయ్యడానికి ఆ లై. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. సారుకు సాయం చెయ్యడానికి పోయే పిల్లలం మేము ఆ నీలం రంగు వేళ్ళకు పూసుకుని, ఇంటికి పోయి అమ్మల చేత తిట్లు తినేవాళ్ళం.

పేపర్లు చదివే బల్ల దగ్గర ఉర్దూ చదివే ముసలాళ్ళు, తెలుగు చదివే ముసలాళ్ళు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా హైదరాబాదే.

"గుట్టలు కొంటున్నరంట మియా, గుట్టలు! బండరాళ్ళకు గూడ రేటు పెట్టిన్రంట."

"అట్లయితే మన ఖిల్లా అడుగుతరేమో కనుక్కో. సగం నీది, సగం నాది."

"నీ సగంల గబ్బిలాలుంటయి చూసుకో."

సారు బల్ల మీద రూళ్ళకర్రతో రెండుసార్లు కొట్టేవారు. ఒక నిమిషం నిశ్శబ్దం. మళ్ళీ మొదలు.

శనివారాలు మధ్యాహ్నం సారు ఒక పని పెట్టుకున్నారు. చదువు రానివాళ్ళకు చదివి వినిపించడం. ఏ ప్రభుత్వం చెప్పిందీ కాదు, ఆయన సొంతంగా మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఉత్తరాలు, నోటీసులు, పట్టా కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. కన్నడ సారు చదివేవారు. ఉర్దూకు ఒక రిటైరైన మాస్టరు. తెలుగుకు నేను. కాగితాల పని అయిపోయాక అరగంట కథ. వినేవాళ్ళు మూటలు విప్పేవాళ్ళు. జొన్నరొట్టె, పుంటికూర, వెల్లుల్లి దంచిన పల్లీల పొడి. నా వాటా నాకు వచ్చేది. హాలంతా వెల్లుల్లి వాసన నిండిపోతే సారు కోపం తెచ్చుకున్నట్టు మొహం పెట్టి, తను కూడా ఒక ముక్క తీసుకునేవారు.

ఆ రోజుల్లో పుస్తకం ఇచ్చే పద్ధతి చెప్పాలి. ప్రతి మెంబరుకూ పేరూ ఊరూ రాసిన చిన్న అట్ట సంచి లాంటి టికెట్ ఉండేది. పుస్తకం తీసుకుంటే, ఆ పుస్తకం లోపలి కార్డు తీసి ఆ మనిషి టికెట్‌లో పెట్టి, రెండూ లైబ్రరీలో ఉంచుకుని, పుస్తకం మీద తారీఖు ముద్ర కొట్టి ఇచ్చేవాళ్ళు. పుస్తకం తిరిగిచ్చినప్పుడు టికెట్ వెనక్కి వస్తుంది. అయితే హైదరాబాద్ పోయేవాళ్ళు చాలామంది ఆ టికెట్ సారు చేతికే ఇచ్చి పోయేవాళ్ళు. "మళ్ళొచ్చినంక తీసుకుంట సార్, ఆడ పోగొట్టుకుంట" అని. మేస్త్రీ పనికి పోయేవాళ్ళు, కోర్సు నేర్చుకోవడానికి పోయేవాళ్ళు, సెక్యూరిటీ గార్డు కొలువుకు పోయేవాళ్ళు. సారు ఆ టికెట్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవారు. మా ఊరి నుంచి తెలుగు చదివేవాళ్ళందరూ మెల్లమెల్లగా ఆ డబ్బాలోకి పోయారు.

ఎండాకాలం మొదట్లో జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏ భాష పుస్తకాలు ఎంతమంది తీసుకుంటున్నారో రాసి పంపాలి. రెండు నెలల్లో అధికారి వచ్చి చూస్తాడు. చదివేవాళ్ళు లేని అల్మారాలు గోదాంకు పోతాయి. హాలులో ఖాళీ అయిన చోటు కంప్యూటర్ శిక్షణకు ఇస్తారు. చోటు పోతే శనివారం కూడా పోతుంది.

సారు ఆ కాగితం నాకు చూపించి, "తెలుగు చదివెటోళ్ళంత అటు పోయిన్రు. ఇగ నేనెవరికియ్యాలె చెప్పు?" అన్నారు. ఆ రోజు ఆయన టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకుపోయారు.

మొదటిసారి అల్లరిగానే చేశాను. సారు పోస్టాఫీసుకు పోయినప్పుడు బిస్కెట్ల డబ్బాలోంచి నాలుగు టికెట్లు తీశాను. నాలుగు తెలుగు పుస్తకాల కార్డులు అందులో పెట్టి, ముద్ర కొట్టి, రిజిస్టర్‌లో ఎక్కించి, పుస్తకాలు మరాఠీ అల్మారా వెనక దాచాను. పది రోజులకు తీసి, తిరిగి వచ్చినట్టు రాశాను. ఎవరూ చూడలేదు. తరవాత వారం ఎనిమిది. ఆ తరవాత పదిహేను. ఏ పుస్తకం ఎవరి పేరు మీద పోతున్నదో చూసేవాణ్ణి కాదు. చేతికి అందింది తీసేవాణ్ణి.

నెల తిరిగేసరికి రిజిస్టర్ చూసిన సారు మొహం వెలిగిపోయింది. "చూసినవా, మళ్ళ చదువుతున్నరు. శనివారంది కమాల్" అన్నారు. ఆ మాటకు నాకు సిగ్గు వెయ్యలేదు. సంతోషం వేసింది. అది కూడా రాయాలి.

గడువు దాటిన పుస్తకాలకు నెలాఖరున పోస్టుకార్డులు పంపడం ఆనవాయితీ. నా చేతిరాత బాగుంటుందని తెలుగు కార్డులు సారు నాకే ఇచ్చేవారు. ఆయన జాబితా ఇస్తే నేను చూసి దించేవాణ్ణి. ఆ నెల పదహారు కార్డులు, చాలావరకు ఎప్పటినుంచో రాని పుస్తకాలవే. ఫ్యాన్ కింద కూర్చుని, రేడియోలో క్రికెట్ వింటూ రాశాను. 'మీరు ఫలానా తారీఖున తీసుకున్న పుస్తకం ఇంకా తిరిగి రాలేదు, దయచేసి వచ్చి ఇవ్వగలరు.' పదహారు సార్లు అదే వాక్యం. దాచిన పుస్తకాల్లో ఒకటి అల్మారా వెనక గోడ సందులోకి జారిపోయిందనీ, దాన్ని తిరిగి వచ్చినట్టు రాయడం మరిచిపోయాననీ, ఆ టికెట్ మనిషికి నేనే కార్డు రాస్తున్నాననీ నాకు తట్టలేదు. ఆ కార్డు జనవాడకు పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక తల్లీ కొడుకూ వచ్చారు. సారు జిల్లా ఆఫీసుకు పోయారు, బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. ఆమెకు అరవై ఉంటాయి. చేతిలో మా కార్డు, చెమటకు తడిసి మెత్తబడి ఉంది. కొడుక్కి ముప్పై దాటాయి, భుజాన సంచి.

"బిడ్డా, ఇది మీరు పంపిందేనా?"

"అవునవ్వా."

"నా చిన్నకొడుకు వచ్చిండా ఇక్కడికి?"

ఏం అడుగుతోందో నాకు వెంటనే అర్థం కాలేదు. కొడుకు చెప్పాడు.

"తమ్మీ, మా తమ్ముడు హైదరాబాద్‌ల బిల్డింగు పనికి పోయి రెండేండ్లాయె. మొన్న వాని తోటి పనోడు మా ఊరి కిరాణ దుకాణం ఫోనుకు చేసిండు. నెల మొదట్ల వాడు పైనుంచి పడ్డడంట. ఎవరో ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిన్రంట. ఏ దవాఖాననో వానికి తెల్వదు. రేపు పొద్దున బస్సుకు పోయి ఒక్కొక్క దవాఖాన తిరుగుదామనుకున్న. నిన్న ఈ కార్డొచ్చింది. బడి సారు చదివిండు. వాడు పడ్డ మూడు రోజులకు మీ దగ్గర పుస్తకం తీసుకున్నట్టుంది."

"అంటే లేచి వచ్చినట్టే గద!" అంది తల్లి. "ఇంటికి రానీకి మొహం చెల్లక ఈడ తిరుగుతున్నడు. కోపమొచ్చి పోయిండు గద మనతోని."

పెద్దకొడుకు బల్ల మీద రెండు చేతులూ ఆనించి నా కళ్ళలోకి చూశాడు. "నాకు కాయితం మీద నమ్మకం లేదు. నువ్వు చెప్పు. వాన్ని నువ్వు చూసినవా?"

ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నేను ఆ బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టేసరికే అతను వెళ్ళిపోయాడు. అధికారి రావడానికి ఇంకా ఆరు రోజులుంది. ఎవరూ రాలేదని చెబితే ముద్ర ఎవరు కొట్టారని అడుగుతారు. డబ్బా బయటపడుతుంది, రిజిస్టర్ బయటపడుతుంది, సారు మొహం ఎట్లా అవుతుంది? ఇంత ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గాని, నిజానికి ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

"చూసినన్నా" అన్నాను.

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బక్కగయ్యిండా బిడ్డా?"

"జర బక్కగనే ఉన్నడు."

"కుంటుతున్నడా? పడ్డడు గద."

"కొంచెం కుంటుతున్నడు."

"గడ్డం పెంచుకున్నడా?"

"అవును."

అన్నీ ఆమే ఇచ్చింది. నేను అవునన్నాను, అంతే.

"ఏం పుస్తకం తీస్కపోయిండు?"

టికెట్ తీసి చూశాను. "కోళ్ళ పెంపకం" అన్నాను.

ఆమె పెద్దకొడుకు వైపు తిరిగింది. మొహమంతా నవ్వు. "చూసినవారా! ఇంటికొచ్చి కోళ్ళు పెట్టుకుంటడు. నేను చెప్పలే?"

పెద్దకొడుకు భుజం మీది సంచి దించాడు. రేపటి హైదరాబాద్ ప్రయాణానికి సర్దుకున్న సంచి అది. "అయితే ఆడికి పోయేదేం లేదు. ఇక్కడ్నే దేవులాడుత" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన బీదర్ అంతా తిరిగాడు. బస్టాండు, గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే లంగరు, దర్గాలు, మార్కెట్ షెడ్లు, రైల్వే స్టేషన్. రోజూ సాయంత్రం లైబ్రరీకి వచ్చి తల్లి పక్కన బెంచీ మీద కూలబడేవాడు. తల్లి మాత్రం పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా అక్కడే. పుస్తకం వాపసు ఇవ్వడానికి రావాలి కదా, వచ్చినప్పుడు పట్టుకుంటానని. తలుపు కిర్రుమన్నప్పుడల్లా లేచి నిలబడేది. ఎవరో పేపరు చదివేవాడు. మళ్ళీ కూర్చునేది.

ఆమె రొట్టె మూటలో రెండు వాటాలు ఉండేవి. ఒకటి చిన్నకొడుక్కి. మధ్యాహ్నం దాటి అతను రాకపోతే ఆ వాటా నా ముందు పెట్టేది.

"తిను కొడుకా. నా పిల్లగాన్ని చూసిన కండ్లు నీయి" అని నా రెండు చెంపల మీద చేతులు వేసి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచేది. ఆ రొట్టె నేను తిన్నాను. తొమ్మిది రోజులు తిన్నాను.

సారుకు నేను చెప్పింది ఒక్కటే. ఒక మెంబరు కోసం ఇంటివాళ్ళు వెతుకుతున్నారని. ఇన్‌స్పెక్షన్ హడావుడిలో ఆయన అంతకు మించి అడగలేదు. ఆమెకు కుండలో నీళ్ళు పెట్టించి, ఫ్యాన్ కిందికి బెంచీ జరిపించారు.

అధికారి వచ్చాడు. రిజిస్టర్ తిప్పాడు. తెలుగు పేజీల దగ్గర ఆగాడు. కన్నడలో సారును మెచ్చుకున్నాడు. ఇంత చిన్న ఊళ్ళో ఇంతమంది చదువుతున్నారా అన్నాడు. బెంచీ మీది ముసలామె ఎవరని అడిగితే, మా పాఠకుడి తల్లి అన్నారు సారు గర్వంగా. అల్మారాలు ఉంటాయని రాసి సంతకం పెట్టి పోయాడు.

గండం గడిచిందనుకున్నాను. ఇక ఆమెకు చెప్పేయొచ్చు అనుకున్నాను. రేపు చెబుతాను అనుకున్నాను. రెండు రేపులు పోయాయి.

తొమ్మిదో రోజు సారు అల్మారాలు దులుపుతుంటే గోడ సందులోంచి ఆ పుస్తకం దొరికింది. దాని మీద దుమ్ము పట్టి ఉంది. ముద్ర చూశారు. టికెట్ తీసి పేరు చూశారు. ఆ టికెట్ రెండేళ్ళ కింద తన చేత్తో బిస్కెట్ల డబ్బాలో వేసినట్టు ఆయనకు గుర్తొచ్చింది. నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు.

"ఇది బయటికే పోలే. ఎవరు రాసిన్రు?"

"నేనే సార్."

"ఇదొక్కటేనా?"

డబ్బా సంగతి, రిజిస్టర్ సంగతి, అన్నీ చెప్పాను. ఆయన కొట్టలేదు. కుర్చీలో కూర్చుని పుస్తకం మీది దుమ్మును అరచేత్తో తుడుస్తూ ఉండిపోయారు. 'చూసిన' అన్న మాట మాత్రం నేను చెప్పలేదు.

లేచి బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. పెద్దకొడుకు కూడా అప్పుడే వచ్చాడు.

"అవ్వా, తప్పు నాది. ఆ కార్డు తప్పు పోయింది. మీ పిల్లగాని పేరు మీద పుస్తకం పొరపాటున రాసుకున్నం. పుస్తకం ఈడనే ఉంది, ఇదిగో."

ఆమె పుస్తకం వైపు చూడలేదు.

"కార్డు తప్పయితే అయ్యుండొచ్చు సారూ. ఈ పిల్లగాడు కండ్లతోని చూసిండు గద. కుంటుకుంట వచ్చిండు, గడ్డముంది. చెప్పు బిడ్డా."

సారు నా వైపు తిరిగారు. ఆ తిరగడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

"చూసినవా?" అన్నారు.

హాల్లో పేపరు చదివేవాళ్ళు కూడా తలలెత్తారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. లేదు అనాలి. ఒక్క మాట.

"చూసిన సార్" అన్నాను.

సారు నా అబద్ధం ఆమె ముందు బయటపెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆయనను నేను ఎన్నడూ అడగలేదు. పెద్దకొడుకును భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయారు. "నా మాట విను. ఇప్పుడే బస్సెక్కు. దవాఖానలన్ని తిరుగు" అని చెప్పడం కిటికీలోంచి వినబడింది. లోపలికి వచ్చి నాతో అన్నారు: "కార్డు సంగతి నేను చెప్పగలిగిన. నువ్వు అన్నది నువ్వే వాపసు తీసుకోవాలె. ఇంకెవ్వరి చేత కాదు."

ఆ సాయంత్రమే ఆయన జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాశారు. తెలుగు లెక్కలు నిజం కావు, బాధ్యత తనది అని. నా పేరు అందులో లేదు.

పెద్దకొడుకు హైదరాబాద్‌లో మూడో రోజు ఒక పెద్ద దవాఖానలో ఆచూకీ పట్టాడు. పేరు తెలియని మనిషి. అంతకు ముందు నెల మొదట్లో ఆటోలో తెచ్చి వదిలేసి పోయారు. మాట లేదు. నెల దాటి అట్లాగే ఉన్నాడు. ఈయన చేరడానికి నాలుగు రోజుల ముందు చనిపోయాడు. ఎవరూ రాలేదని వాళ్ళే పూడ్చిపెట్టించారు. ఒక ఫోటో చూపించారు. అందులో మొహమంతా కట్లు.

నాలుగు రోజులు. ఈయన బీదర్ బస్టాండులో, దర్గాల దగ్గర తిరిగింది తొమ్మిది రోజులు.

తల్లి ఒప్పుకోలేదు. "నెల మొదట్ల నుంచి ఆడనే పడి ఉన్నోడు నా కొడుకెట్లయితడు? వాడు బీదర్‌ల పుస్తకం తీసుకున్నడు. లైబ్రరీ పిల్లగాడు చూసిండు." ఆ మాట మీద ఆమె నిలబడిపోయింది. కార్డు తప్పని సారు కొట్టేశారు. నా సాక్ష్యాన్ని కొట్టేసేవాళ్ళు ఎవరూ లేరు.

రెండు నెలల్లో సారుకు ఔరాద్ బదిలీ వచ్చింది. తెలుగు అల్మారాలు గోదాంకు పోయాయి. హాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. నేను డిగ్రీ చదవడానికి హైదరాబాద్ పోయాను, అక్కడే ఉద్యోగంలో పడ్డాను. ఆ దవాఖాన ముందు నుంచి పోయే బస్సు ఉండేది. దాన్ని వదిలేసి వేరే బస్సు ఎక్కేవాణ్ణి.

సారును తరవాత మూడుసార్లు కలిశాను. మూడుసార్లూ ఆయన ముందు నా ఆరోగ్యం అడిగారు, తరవాత "జనవాడకు పోయినవా?" అన్నారు. లేదు సార్ అన్నాను. ఆ తల్లి పధ్నాలుగేళ్ళు బతికింది. పోయిందని ఎవరో బస్సులో మాటల మధ్య చెప్పారు. ఆ రోజు నాకు కలిగింది దుఃఖమే అని చెప్పలేను. ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేదన్న తేలిక కూడా ఉంది అందులో.

సంతాప సభ అయిన మర్నాడు పొద్దున జనవాడ బస్సెక్కాను.

పెద్దకొడుకు ఇప్పుడు ముసలాయన. వాకిట్లో కందులు ఎండబోసి కాలితో తిప్పుతున్నాడు. పేరు చెబితే గుర్తుపట్టలేదు. లైబ్రరీ అనగానే ఆగాడు.

"నువ్వా? చూసిన పిల్లగానివి?"

"నేను చూడలేదన్నా" అన్నాను. నిలబడే చెప్పాను. "ఎవర్నీ చూడలేదు. మీ తమ్ముడు రానే లేదు. ఆ పుస్తకం మీద ముద్ర నేనే కొట్టిన. కార్డు నేనే రాసిన. చూసిన అన్నది అబద్ధం."

ఆయన కందుల్లో కాలు ఆడిస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి కోడలు చాయ్ తెచ్చింది. "ఆయనకొద్దు, తీస్కపో" అన్నాడు. ఆమె బిత్తరపోయి వెనక్కి పట్టుకుపోయింది.

"మా అమ్మకు చెప్పినవా, ఆమె ఉన్నప్పుడు?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవు? నాకు బరువు దించనీకి వచ్చినవా, నీది దించుకోనీకి వచ్చినవా?"

ఆయన నా మాట కోసం ఆగలేదు.

"తొమ్మిది రోజులు తిరిగిన. చెప్పులు తెగిపోయినయి. గడ్డమున్నోడు కనబడితే చాలు, మొఖంల మొఖం పెట్టి చూసిన. ఒకడు దొంగననుకొని కొట్టిండు గూడ." కాలితో కందులు ఒక పక్కకు నెట్టి అరుగు మీద కూర్చున్నాడు. "పెత్తరమాస వస్తది గద, ఇంట్ల పోయినోళ్ళ పేర్ల మీద అయ్యగారికి బియ్యమిచ్చేది. మా నాయన పేరు మీద ఇచ్చెటోన్ని. వాని పేరు మీద గూడ ఇస్తనంటే అమ్మ కట్టె పట్టుకొని వచ్చింది. బతికున్నోనికి బియ్యమిస్తవారా అని. అమ్మ పోయినంకన్న ఇద్దామనుకున్న. చెయ్యి రాలె. ఒకవేళ నువ్వు చూసింది నిజమైతే? వాడు ఏడనో ఉంటే? ఇన్నేండ్లు వాన్ని సచ్చినోళ్ళల్ల కలపలే, బతికినోళ్ళల్ల కలపలే."

నేను ఆయన పక్కన కూర్చోలేదు. కూర్చొమ్మని ఆయన అనలేదు.

ఆయన లేచి కందులు తిప్పుతూ అన్నాడు. "ఈసారి ఇస్త. నువ్వు రావాలె. మా అమ్మ వాడకట్టంత తిరిగి చెప్పుకుంది, లైబ్రరీ పిల్లగాడు చూసిండని. నేను చెప్తే నమ్మరు. అమ్మ పోంగనే తమ్మున్ని సంపేసిండంటరు. నువ్వు వచ్చి, అందరి ముందట నీ నోటితోని చెప్పు. అటెన్క నేను బియ్యమిస్త."

వస్తానన్నాను.

"వస్తవా నిజంగ?" అన్నాడు. ఆ అడగడంలో నమ్మకం ఏమీ లేదు. నేను చెప్పే మాట నమ్మడానికి ఆయనకు కారణమూ లేదు.

పెత్తరమాసకు ఇంకా పదకొండు రోజులుంది. సారు గురించి ఊళ్ళో చెప్పుకుంటున్నది తప్పని తెలియడానికే ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఆయనది చిన్న సంగతి అయిపోయింది. బతికున్నన్నాళ్ళూ ఆయనకు కావలసింది కూడా అదే అనుకుంటాను. తన మీద పడ్డ మాట పోవాలని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. జనవాడకు పోయినవా అనే అడిగారు.

పోయాను సార్. ఇంకొకసారి పోవాలి. ఆమె లేదు. ఆమె చెప్పుకున్న ఇళ్ళన్నీ ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడతారు, నేను చూడలేదు అని చెప్పాలి. అప్పుడు ఆ అన్న చేటలో బియ్యం పోసి తమ్ముడి పేరు పలుకుతాడు.